నడుము సన్నం

ఏటుకూరు రోడ్డులో ఒకప్పటి మిర్చి గోడౌను.
మూడంతస్తుల ఇనుము.
వచ్చే వేసవికల్లా ఆసుపత్రి కావాలి.
టార్చి వెలిగించగానే ముందు నేను దగ్గాను,
తర్వాత మస్తాన్‌వలి,
ఆ తర్వాత కింద సిమెంటు కలిపేవాళ్లు.
దూలాల మూలల్లో పాతికేళ్ల కారం
ఇంకా ఖాళీ చెయ్యలేదు.

ఇంజనీరు సువార్త సుద్దతో గీసింది:
స్తంభానికి జానెడు ఇవతల,
దూలం కింది రెక్కకు అటో వంపు, ఇటో వంపు.
"ఇంతమేర కోసెయ్యండి."

"ఇదేందమ్మా!
బలం చెయ్యమని పిలిచి
బాగున్న ఇనుముని కొయ్యమంటన్నావ్?"
అతికించి అతికించి కాయలు కాసిన చేతులు
టార్చిని కింద పెట్టేశాయి.

ఆమె వాదించలేదు.
రెండు రేకుముక్కలు వైసుకు బిగించింది.
మొదటిదాన్ని అటూ ఇటూ వంచింది.
తొమ్మిదోసారికి మొదట్లోనే టప్పుమంది.
రెండోదానికి నడుము సన్నం.
వంగింది, లేచింది, మళ్లీ వంగింది,
ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కింది.
మొదలు మాత్రం కదల్లేదు.

"నేల ఊగితే ఏదో ఒకటి లొంగాల్సిందే మస్తాన్ గారూ.
ఎక్కడ లొంగాలో
ముందే మాట్లాడి పెట్టుకుంటున్నాం, అంతే."

ఆయన ఊఁ అనలేదు. ఉహూఁ అనలేదు.
టీ తాగొచ్చి
అతుకు అడుగున అప్పట్లో వదిలేసిన పట్టీని
గీకి ఊడదీశాడు.
ఎర్రరంగు పూశాం, తుడిచాం, తెల్లపొడి చల్లాం.
కాసేపటికి
తెల్లటి పొడిలోంచి సన్నగా ఎర్రగీత పైకొచ్చింది,
పొలంలో పండు మిరపకాయ తొంగిచూసినట్టు.
వెంట్రుకంత.
అప్పటికే సగం దూరం నడిచేసింది.

పక్కనే, రంగు పొరల కింద, సుత్తితో కొట్టిన రెండక్షరాలు:
మ. వ.

చాలాసేపు లైటు అక్కడే పట్టుకున్నాను.
"అప్పుడు పెళ్లి కాలేదు నాకు," అన్నాడు.
ఇంకేదో చెప్పబోయి
ముఖానికి అద్దం దించుకున్నాడు.

ఆ రాత్రి కడ్డీలు ఓవెన్లో కాగుతున్నాయి.
హైవే మీద గ్రానైటు లారీ వెళ్తే
పలక సన్నగా వణికింది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

తెల్లారి వంపులు ఆయనే కోశాడు.
గ్రైండరు నన్ను ముట్టుకోనివ్వలేదు.
గీతలెక్కడైనా మిగిలాయేమోనని
గోరుతో తడిమి తడిమి చూశాడు.
పాత అతుకు చెక్కేసి, కొత్తది పోసి,
చల్లారాక సుత్తి అడిగాడు.

మ. వ.

ఈసారి తేదీ కూడా కొట్టాడు.