నవంబరు ఏడు, పాత ఓడల షెడ్డులో

గ్దాన్స్క్. ట్రామ్ స్టాప్‌లో నలుగురం, మంచు తుంపర.
యాగ్నా గడ్డం కింద ఫోన్ వెలుగు:
"టికెట్టు నూట నలభై జ్లోటీలు."
బోరిస్ జేబులు తడుముకున్నాడు.

"ఆ డీజే మెత్తబడ్డాడు, అన్నీ పెళ్ళి పాటలే"
వీట్ గొణుగుడు.
పోయినేడు తెల్లారి ఆరుదాకా
ఆ బేస్ కిందే చొక్కా పిండుకుంటూ ఎగిరింది
వాడు కాదూ!

బోరిస్ కుడిచెవి పోయి ఏడాది.
డాక్టరు వద్దన్నాడట.
"స్పీకరుకి వీపు ఆనిస్తాను,
వెన్నుపూసల్లోంచి ఎక్కుతుంది" అన్నాడు
ఏదో కూర రుచి చెబుతున్నట్టు.

యాగ్నా అయిదు టికెట్లు నొక్కేసింది.
నలుగురమే కదా?
"అయిదోది తాతకి. ఆ షెడ్డులోనే ఇరవై ఏళ్ళు
ఇనుము కొట్టాడు.
మన చప్పుడు చాలదంటాడేమో."

ట్రామ్ వచ్చింది.
బోరిస్ వాటా నా లెక్కలో రాసుకోమన్నాను,
వాడి ఎడమవైపు కాకుండా
కుడివైపు నిలబడి.