సిమ్ కార్డు

హాంబర్గ్ రేవులో మంచు నిలువునా కాదు, అడ్డంగా కురుస్తుంది.
వ్యాను నడపడమే నా పని. పరిచర్య వీబ్కెది.
ఆమె సంచిలో ఉన్ని టోపీలు, సిమ్ కార్డులు,
అడుగున ఎక్కడో ఒక బైబిలు.

ఆ మధ్యాహ్నం మేం ఓడ ఎక్కేసరికి
తెకినైతి ఇంజను గదిలో కూర్చుని
తుడిచిన పానానే మళ్లీ తుడుస్తున్నాడు.
కిరిబాటీలో కూతురు పోయి పదకొండు రోజులట.
కబురు నడిసముద్రంలో అందింది.
ఓడ వెనక్కి తిరగదు కదా.

వీబ్కె వాక్యం చెబుతుందనుకున్నాను.
నూనె మరకల మీద అతని పక్కనే కూలబడి
తనూ ఒక గుడ్డపీలిక తీసుకుని
ఇంకో పానా తుడవసాగింది.

గంట గడిచింది. జనరేటరు చప్పుడే.
అప్పుడడిగాడు, "సిమ్ ఉందా?"
అతని వేళ్లు వణికి అది ఫోనులో దూరలేదు. ఆమె పెట్టింది.
అవతల అర్ధరాత్రి దాటింది.
ఎవరో ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు.
రెండు ఏడుపులు మాత్రం ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

తిరుగుదారిలో ఉండబట్టలేక
"ప్రార్థన చెయ్యలేదేం?" అన్నాను.
నల్లబడ్డ అరచేతులు చూసుకుంటూ
"ఆ కార్డులో ఎన్ని నిమిషాలున్నాయి?" అంది.
నాకు తెలీదు.
"చాలవేమో. ఇంకొకటి ఇచ్చొద్దాం,
వ్యాను వెనక్కి తిప్పు."