తలుపు బల్ల

చీటీ పాడితే తరుగు పోను
చేతికొచ్చింది మూడువేల రెండొందలు.

రెండు సీజన్లు మంచం మీదే కూచుని
మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పద్దులు రాశాను.
వీపు తోతాపురి ముక్కులా వంగిపోయింది.

బజారు వీధి షాపులో బల్ల నున్నగా ఉంది.
ఆరున్నర వేలంట.
అరచెయ్యి ఒకసారి ఆనించి వచ్చేశాను.

గిరింపేట చివర మస్తాన్ పాత సామాన్ల కొట్టు.
కూల్చిన ఇళ్ల కిటికీలు, కడ్డీలు, దూలాలు,
వాటి నడుమ గోడకి ఒరిగి
ఒంటి రెక్క వేప తలుపు.
తెల్ల పెయింటుతో 4-117.
కింది భాగాన మూడు కుంకుమ బొట్లు,
ఏ వానకీ పోనివి.

"ఎవురింటిదన్నా ఇది?"
"ఎవురిదైతే ఏందిలేమ్మా,
చెద పట్టలా, చూసుకో."
ఏడొందల యాభైకి దిగాడు.

చెంగల్రాయాచారి టేపు లాగి కొలిచాడు.
గోడ ఐదడుగులు, తలుపు ఆరు.
"కోసేదా?"
ఊ అన్నాను గానీ
రంపం ఆగేదాకా వంటింట్లోనే నిలబడ్డాను.

ఒక పక్క అత్త కుట్టుమిషను ఇనుప స్టాండు,
ఇంకో పక్క ఇటుకలు.
మోచెయ్యి మడిస్తే బల్లకి సమంగా రావాలని
ఒక ఇటుక తీసి, మళ్లీ పెట్టి,
చివరికి సగం ఇటుక.
వెలుగు ఎడమ నించి పడాలని
కిటికీ దగ్గర మూడుసార్లు జరిపాం.

గడియ ఊడిన రంధ్రంలోంచి
ఛార్జరు వైరు దిగిపోయింది,
దానికోసమే తొలిచినట్టు.

మూతబడ్డ నెట్ సెంటరు కుర్చీ నాలుగొందలు.
ఐదు చక్రాల్లో ఒకటి లేదు.
అటు వాలకూడదని నడుముకి తెలిసిపోయింది.

స్క్రీను కళ్లెత్తుకి రావాలని
ల్యాప్‌టాప్ కింద బెల్లం దిమ్మెల పెట్టె.
మూడు రోజులు చీమలు కూడా
నాతోపాటు జీఎస్టీ చూశాయి.

కోసిన అడుగు ముక్క కాళ్ల కింద పీట.
బొట్లున్న పక్క
నేలకి తిప్పి వేయించాను.

ఆచారికి ఐదొందలు, విడి కీబోర్డుకి మూడొందల ఎనభై,
మెడ వంగే దీపానికి రెండొందల నలభై.
మిగిలిన తొమ్మిదొందల ముప్పై
పోపుల డబ్బాలో, మెంతుల కింద.

ఈ గదికి తలుపు లేదు.
పాత చీర ఒకటి వేలాడుతుంది, అంతే.
కుక్కర్ ఎన్ని కూతలేసిందని ఒకరు,
గ్యాసు బుక్కు యాడుందని ఒకరు,
ఇంట్లోనే కదా ఉండావని పక్కింటి హంసవేణి.
ఇరవయ్యో తేదీ దగ్గరపడితే
అంకెలు నోట్లో పెట్టుకుని జవాబు చెప్పేదాన్ని.

నిన్న సాయంత్రం
చీర పక్కకి జరిగింది.
అత్త కాఫీ గ్లాసుతో వచ్చి
తన మిషను స్టాండుని ఒకసారి చూసింది.
గ్లాసు పెట్టబోయి, ఆగి,
4-117 మీద
వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది.

తలెత్తాను.
"లోపల ఉండావా?" అంది,
నవ్వకుండా.