మూడో రోజు, మన్ననూరు

జడ్చర్లల గాలి నింపిన మౌలాలి
"శ్రీశైలందాంక ఢోకా లేదు" అన్నడు.
కల్వకుర్తి దాటంగనే టైరు కూలవడ్డది.
అచ్చంపేటల మళ్ల.

అడవి గేటు పొద్దున ఆరింటికి లేచింది,
నా మోకాళ్లు లేవలే.
ఎత్తు మీద గేర్లన్నీ ఒడిసినయి.
దిగి తోస్తుంటే
కాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్న ఈదమ్మ
ఎనక నుంచి వచ్చి కలిసింది.
ఆమెకిది పదకొండో శివరాత్రి నడక.

"తొక్కనిదానికి అదెందుకు బిడ్డా?"
అడిగి, జవాబు కోసం ఆగకుండ
సద్దిమూట క్యారియర్‌కు కట్టింది.

వటవర్లపల్లి దాంక
ఆమె ముందు, మూట నా ఎంబడి.
జొన్నరొట్టె వాసనకు
ఒక కోతి, నేను,
ఇద్దరం ఓపిక పట్టినం.

దోమలపెంట కాడ దిగుడు వచ్చింది,
మూడు రోజులు నేను కలగన్న దిగుడు.

బ్రేకులు పట్టుకొని
నడిచే పోయిన.