జేగురు గీత

జూన్ మొదటి వారం.
కింద లోయలో నాట్లు అయిపోయాయి,
ఇక్కడ చలికాలం ఇంకా కదల్లేదు
అలిగి గడపలో కూర్చున్న చుట్టంలా.

తెల్లవారుజామున నాలుగింటికి
గుడిసె ముందు పలక మీద రాస్తాను:
"రెండో వాగు దాకా దారి తేలింది. బురద.
తర్వాత మంచు. పొద్దున గట్టి, మధ్యాహ్నం మెత్తన.
బూట్లకి ఇనుప పళ్లు తప్పనిసరి.
వాగు మీద మంచు వంతెన: ఈరోజుకి నిలుస్తుంది."
ఆ చివరి మాట దగ్గర
సుద్దముక్క కాస్త ఆగుతుంది ఎప్పుడూ.

సాయంత్రాలు, అందరూ దిగిపోయాక,
భుజాన పది కిలోల జేగురు మోసుకెళ్లి
వాలు మీద గీత గీస్తాను,
తెల్లటి దాని మీద ఎర్రగా, అడుగు వెడల్పున, కనుమ దాకా.
పొగమంచు దిగితే
మనిషికీ లోయకీ మధ్య ఉన్నది ఇదొక్కటే.
ఎండకి ఇదీ జారుతుంది.
నిన్నటి గీత ఇవాళ రెండు గజాలు కింద ఉంటుంది,
దాన్నే నమ్ముకుంటే తిన్నగా పగుల్లోకే.
రోజూ గీయాలి.
నా గోళ్లలోంచి ఎరుపు పోదు,
వంట చేసే మిత్సుయో నా టీ కప్పు వేరే పెడుతుంది.

ఇనుజుకా గారు ఐదింటికి వచ్చాడు.
డెబ్బై ఒకటి. రైల్వేలో పట్టాలు మార్చే పని చేసి మానేశాడు.
ఏటా ఇదే వారం, ఒంటరిగా,
ఒక్కరోజులో ఎక్కి దిగుతాడు. పదకొండు గంటల నడక.
పలక చదివాడు. రెండుసార్లు.
"నిలుస్తుంది అన్నావు. ఎన్నింటి దాకా?"
పలక మీద దానికి చోటు లేదు.
"పదకొండు," అన్నాను. గాల్లోంచి తీసిన అంకె.
తల ఊపి, ప్లాస్టిక్ సంచిలో
రెండు దోసిళ్ల జేగురు అడిగి పట్టుకెళ్లాడు.
ఎందుకని అడగలేదు నేను.
అరగంట తర్వాత ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు
అటే వెళ్లారు, పలక చూడకుండా.

పదీ నలభైకి విన్నాను.
పెద్ద చప్పుడేం కాదు.
ఎవరో బియ్యం బస్తా దించినట్టు.
ఆ తర్వాత వాగు గొంతు పెరిగింది.

పరిగెత్తి వెళ్లేసరికి వంతెన లేదు.
నా గీత అంచు దాకా వచ్చి తెగిపోయి
అవతలి గట్టు మీద మళ్లీ మొదలైంది,
ఏమీ జరగనట్టు.
మధ్యలో నీళ్లు, నల్లగా.
పేరు పెట్టి పిలిచాను. ఈల వేశాను.
వాగు నా గొంతుని కూడా తీసుకుపోయింది.

అప్పుడు చూశాను, కాళ్ల దగ్గరే:
నా గీతకి అడ్డంగా ఒక గీటు,
అక్కణ్నుంచి నాది కాని ఎరుపు,
సన్నగా, పొదుపుగా, చిటికెడు చిటికెడుగా
పొట్టి వెదురు పొదల్లోకి మలుపు తిరిగి
వాగు ఇరుకైన చోట రాళ్ల మీదుగా.
పక్కనే కర్రతో పొడిచి చూసిన గుంటలు.
వాటి మీద రెండు జతల కుర్ర అడుగులు.
కూర్చుండిపోయాను.

ఒకచోట ఆ గీత అక్కర్లేకుండా పక్కకి పోయి
ఎండ పడే చదును బండని తాకి
మళ్లీ వెనక్కొచ్చింది.
బండ మీద నారింజ తొక్క.

సాయంత్రం దిగొచ్చాడు, వేళ్లన్నీ ఎర్రగా.
మిసో పులుసు ఊదుకుంటూ
"నీ పదకొండు ఇరవై నిమిషాలు తప్పింది," అన్నాడు.
"రైల్వేలో అయితే నీ ఉద్యోగం పోయేది."

మర్నాడు రాశాను: "వంతెన లేదు. కుడివైపు తిరగండి."
నాలుగు రోజుల ఎండకి అతని చిటికెలన్నీ కరిగాయి.
అదే దారిన నేను మళ్లీ గీశాను,
బండ దగ్గరి వంపుతో సహా.
ఎవరో అడిగారు, ఈ వంపు ఎందుకని.
కూర్చోవడానికి, అన్నాను.