నలభై ఏడు, డెబ్భై నాలుగు

డిసెంబరు తార్తూలో
మూడున్నరకే వీధి దీపాలు.
కిటికీ అవతల మంచు,
ఇవతల ఎనిమిది వేల ఏళ్ళ బురద.
చిత్తడి నేల లోతుల్లోంచి లాగి
బెత్తెడు బెత్తెడు ముక్కలు కోసి
అంకెలు రాసి డబ్బాల్లో పడుకోబెట్టాం.

ఆ బురదలో పుప్పొడి ఏరి లెక్కపెట్టడం పీబె పని.
బిర్చ్, పైన్, ఆల్డర్; ఎప్పుడో ఒకసారి రై.
రై కనబడిందంటే
అక్కడెవరో అడవి నరికి దుక్కి దున్నారన్నమాట.
ఈసారి అది డెబ్భై నాలుగో డబ్బాలో తేలింది,
ఎవరూ కలగనని లోతులో.
మూడు వేల ఏళ్ళు వెనక్కి జరిగింది నాగలి.
హెల్దుర్ ముసలాయన ఆ రోజు
కారిడార్లో ఈల వేస్తూ నడిచాడు.

శుక్రవారం వ్యాసం పంపాలి.
గురువారం టీ దగ్గర అడిగాడు,
"ఇంకేమైనా ఉందా?"
తలలన్నీ అడ్డంగా ఊగాయి, పీబెదీ.
కానీ ఆమె చెంచా
పంచదార వేయని టీని
కలుపుతూనే ఉంది, కలుపుతూనే ఉంది.

నలభై ఏళ్ళుగా కంటికానని రేణువుల్ని వెతికిన కళ్ళు
ఆ చెంచాని చూశాయి.
అందర్నీ పంపేశాడు.
కప్పులు కడుగుతూ సింకు దగ్గర నేను మిగిలిపోయాను.

"ఏం చేశావు?" అనలేదు.
"ఎన్నాళ్ళుగా మోస్తున్నావు?" అన్నాడు.

"పద్దెనిమిది రోజులు.
అది డెబ్భై నాలుగు కాదు. నలభై ఏడు.
నా చేతిరాతే. తిరగేసి రాశాను."

మహానుభావుడేం కాదు. చెవులు ఎర్రబడ్డాయి.
కుర్చీ వెనక్కి నెట్టి, టోపీ అయినా లేకుండా
మంచులోకి పోయాడు.
పీబె గడియారం వైపు చూడలేదు, నేను చూశాను:
పదకొండు నిమిషాలు.
తిరిగొచ్చేసరికి కనుబొమల మీద మంచు,
గొంతు మాత్రం మామూలుగా ఉంది.
"పద, రెండు డబ్బాలూ తెరుద్దాం.
రేపు పంపేది లేదులే.
ముందు నీ టీ పారబోసి ఇంకోటి పెట్టుకో."

నాగలి మళ్ళీ తన కాలానికి తాను వెళ్ళిపోయింది.
మిగిలిన వ్యాసం చిన్నది, పెద్దగా ఎవరూ చదవరు.

ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు:
రీగాలో నా మొదటి ల్యాబులో
తప్పు ఒప్పుకున్నవాడి మొహాన ఫైలు విసిరే ఆయనుండేవాడు.
అక్కడ ఒక మూడుకి రెండు వంపులు కలిపి
ఎనిమిది చేశాను.
ఆ ఎనిమిదిని ఇప్పటికీ ఎవరెవరో
తమ వ్యాసాల్లో ఉదహరిస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం నోటిదాకా వచ్చింది.
పీబె కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.
నేను తుడిచిన కప్పునే
తుడుస్తున్నాను.
గుమ్మం దగ్గర
ముసలాయన అడుగులు ఆగాయి.