ముందు సున్నా చూడాలి

స్టోన్‌హౌస్‌పేటలో
బియ్యం కొట్ల నడుమ ఎనిమిదడుగుల గది నాది.
కాటాలు బాగుచేస్తా.
బోర్డు మీద పేరు వెలిసిపోయినా
కాటా మస్తానయ్య అంటే ఎవరైనా దారి చూపిస్తారు.

ఇన్నేళ్లూ జులైలో
ట్రంకు రోడ్డు ఆడిటరు దగ్గరికి పొయ్యేవాణ్ణి.
"ఎంత వేద్దాం?" అనేవాడు పెన్ను ఎత్తి పట్టుకుని.
"మీ ఇష్టం సార్."
పదిహేనొందలిచ్చి, కాయితం మడిచి జేబులో పెట్టుకుని,
కిందికి దిగి టీ తాగేవాణ్ణి.
నా సంపాదన ఎంతో
నాకంటే ఆయనకే తెలుసని నిజంగానే అనుకునేవాణ్ణి.

మొన్న లోను కోసం పోతే
బ్యాంకు మేనేజరు మూడేళ్ల కాయితాలు తిరగేసి
"ఇంత తక్కువతో ఎట్టా బతుకుతున్నారండీ?" అన్నాడు.
ఎగతాళి కాదు. నిజంగానే జాలి.
ఆ జాలి మెట్లు దిగేదాకా నా చొక్కా పట్టుకునే వచ్చింది.

అందుకే ఈ ఏడు నేనే కూర్చున్నా.
జులై ముప్ఫై రాత్రి, షట్టరు సగం దించి,
టేబుల్ ఫ్యానుకి నోటు పుస్తకం ఎగిరిపోకుండా
రెండు కిలోల రాయి పెట్టి.

పొదలకూరు నిమ్మకాయల కొట్టు, రెండు కాటాలు.
తోటపల్లి గూడూరు చెరువుగట్టు, ఉప్పు తిన్న ప్లాట్‌ఫారం.
వేబ్రిడ్జి పని, అది పెద్దది, బ్యాంకులో పడింది.
రాగమ్మ, చేపల మార్కెట్టు: బాకీ.
మళ్లీ రాగమ్మ: బాకీ.
ఒక పేజీ నిండా చెమట మరక,
దాని కింద ఏ అంకె ఉండాదో దేవుడికే తెలియాలి.

ఫోనులో గడులు.
బ్యాంకులో వచ్చింది ఇక్కడ. చేతికి వచ్చింది ఇక్కడ.
మొదటి గడి సులువు, వాళ్లకి ముందే తెలుసు.
రెండో గడి దగ్గర వేలు ఆగింది.
నలిగిన నోట్లు, చేపల వాసన నోట్లు,
ఎవరు చూశారు?

అప్పుడు గుర్తొచ్చాడు మిల్లు గోవిందశెట్టి.
"బస్తాకి రెండొందల గ్రాములు, అంతే అబ్బయా,
ఎవరికి తెలస్తాది?" అన్నాడు.
కవరు బల్ల మీదే వదిలి లేచొచ్చా.
నాలుగేళ్లు ఆ మిల్లు గడప తొక్కనియ్యలేదు.
మా గురవమ్మ ఒక్క మాటా అనలేదు గానీ
ఆ నాలుగేళ్లూ పప్పు పల్చగానే కాచింది.

కాటాలకైతే తూనికల ఆఫీసరు ఏటా వచ్చి
సీసం మీద ముద్ర కొడతాడు.
ఈ రాత్రి నా మీద ముద్ర కొట్టేవాడు లేడు.
పళ్లెం మీద ఉండేది నేనే,
పళ్లెం అంచున బొటనవేలూ నాదే.

అంకె మొత్తం వేశా.
ఏదో గెలిచినట్టు అనిపించలేదు. కడుపులో కొంచెం తిప్పింది.
పదకొండు వేల మూడొందల నలభై.
పైన వడ్డీ ఐదొందల అరవై ఐదు,
మార్చిలోపే కట్టాల్సిందంట, ఆ సంగతి ఎవరు చెప్పారు నాకు?
మా సందులో మురుక్కాలవ చినుకు పడితే గడప ఎక్కుతాది.
ఈ డబ్బు దాని దాకా వస్తాదా?
బూతు ఒకటి నోటి దాకా వచ్చింది. అన్నా కూడా.
ఓటీపీ రెండుసార్లు రాలేదు, మూడోసారికి వచ్చింది.

చలానా నంబరు పెన్సిలుతో రాసుకున్నా.
కింద, వచ్చే జూన్ నుంచి
నెలకు వెయ్యి పక్కన పెట్టాలి అని రాసి,
కొట్టేసి,
మళ్లీ రాశా.

పొద్దున్నే రాగమ్మ వచ్చింది చంకలో కాటాతో.
"ఏమీ పెట్టకుండానే ఇరవై గ్రాములు చూపిస్తాంది,
బేరానికొచ్చినోళ్లు తిడతాండారు."
విప్పా. లోపల పొలుసొకటి ఇరుక్కోనుంది.
తీసి, తుడిచి, సున్నాకి తెచ్చా.
నలభై రూపాయలిచ్చింది,
పాత బాకీ ఊసెత్తలేదు.
రాసుకున్నా.